ఆంప్లిఫయర్ ఎందుకు గుర్రుమంటుంది?

శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకు కొదువ లేదు. పెళ్లిలోనో, బడి వార్షికోత్సవంలోనో గిటార్ వాయిస్తుండగా ఆంప్లిఫయర్ నుంచి హఠాత్తుగా 'గుర్ర్' మని మోత రావడం మీరు వినే ఉంటారు. వైరును కాస్త కదిలిస్తే పాట మళ్లీ వినిపిస్తుంది. చాలాసార్లు తప్పు గిటారుది కాదు, వైరు గుచ్చే రంధ్రానిది. దాన్ని ఇన్‌పుట్ జాక్ అంటారు. జాక్ చిన్న వస్తువే. కానీ దాన్ని మార్చాలంటే పెట్టె విప్పాలి. అక్కడే ప్రమాదం పొంచి ఉంటుంది.

జాక్ లోపల ఏముంది?

ఈ జాక్ పుట్టింది సంగీతం కోసం కాదు, 19వ శతాబ్దం చివర టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం. మీ తాతగార్లు ట్రంక్ కాల్ బుక్ చేసిన రోజుల్లో ఆపరేటర్లు ఒక లైనును మరో లైనుతో కలిపింది ఇలాంటి ప్లగ్గులతోనే. గిటార్ ప్లగ్గు వ్యాసం 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. ప్లగ్గు కొన గిటార్ సంకేతాన్ని తెస్తుంది. దాని లోహపు ఒళ్లు ఎర్త్ వైపు కలుస్తుంది. జాక్‌లోని స్ప్రింగు రేకు కొనను గట్టిగా పట్టుకొంటుంది.

గుచ్చి తీయగా తీయగా రేకు బిగువు తగ్గుతుంది. దానిపై మురికి పేరుకొంటుంది. గిటార్ పంపే సంకేతం చాలా బలహీనమైనది, సాధారణంగా ఒక వోల్టుకన్నా తక్కువ. స్పర్శ వదులైతే అది తెగిపోతుంది. ఎర్త్ వైపు స్పర్శ పోతే గదిలోని కరెంటు వైర్ల 50 హెర్ట్జ్‌ల ప్రభావం ఆంప్లిఫయర్‌లో చేరి పెద్దదవుతుంది. ఆ గుర్రు అదే!

ప్లగ్గు పీకేస్తే చాలా?

చాలదు. ఆంప్లిఫయర్ లోపల కెపాసిటర్లు ఉంటాయి. అవి నీళ్లతొట్టిలా విద్యుదావేశాన్ని నిలవ ఉంచుతాయి. వాల్వులున్న ఆంప్లిఫయర్లలో 400 వోల్టులకు పైగా ఉండవచ్చు. 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌పై 450 వోల్టులు ఉన్నాయనుకోండి. శక్తి = ½ × కెపాసిటీ × వోల్టేజి వర్గం. లెక్క కడితే 4.76 జౌళ్లు వస్తుంది. అర కిలో రాయి దాదాపు ఒక మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి! కరెంటు తీసేశాక కూడా అది అక్కడే కాచుకొని ఉంటుంది. అందుకే పిల్లలు ఈ పెట్టె విప్పరాదు.

మెకానిక్ ఎలా చేస్తాడు?

1. ముందు వేరే వైరు పెట్టి చూస్తాడు. తప్పు వైరుదే కావచ్చు.
2. స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు పూర్తిగా తీస్తాడు.
3. పెట్టె తెరిచి, మీటరుతో కెపాసిటర్ల వోల్టేజి కొలుస్తాడు. తగిన నిరోధకం ద్వారా ఖాళీ చేసి మళ్లీ కొలుస్తాడు. స్క్రూడ్రైవర్‌తో కలిపితే నిప్పురవ్వలు లేస్తాయి, భాగాలు పాడవుతాయి.
4. ఏ తీగ ఎక్కడ ఉందో కాగితంపై గీసుకొని పాత జాక్ తీస్తాడు. అదే రకం కొత్తది పెట్టి సోల్డరింగ్ చేస్తాడు.
5. చివర, మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకూ ఆంప్లిఫయర్ లోహపు పెట్టెకూ మధ్య నిరోధం దాదాపు సున్నా ఉందో లేదో పరీక్షిస్తాడు.

ఐదో మెట్టు ఎందుకో తెలుసా? ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సాధారణంగా జాక్ ద్వారానే ఎర్త్‌తో కలుస్తాయి. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటార్ వాద్యకారుడు వేదికపైనే మరణించాడు. గిటార్ పట్టుకొని, ఎర్త్ లేని మైకును తాకడమే కారణం. గుర్రు తగ్గుతుందని కొందరు ఎర్త్ పిన్ను తీసేస్తుంటారు. అలా ఎన్నడూ చేయరాదు.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. విమానాశ్రయాల్లో ఇంధనం నింపేముందు ఇంధన వాహనాన్ని విమానంతో ఒక తీగ ద్వారా కలుపుతారు. రెండింటి పొటెన్షియల్ సమానమైతే మధ్యలో నిప్పురవ్వ పుట్టదు. గిటార్, మైకు, ఆంప్లిఫయర్ మంచి ఎర్త్‌తో కలవాలనడంలోనూ సూత్రం ఇదే.

చేసి చూడండి

కావలసినవి: 9 వోల్టుల బ్యాటరీ, 1000 మైక్రోఫారడ్ల 25 వోల్టుల కెపాసిటర్, 1000 ఓమ్‌ల నిరోధకం, ఒక ఎల్.ఈ.డి.

కెపాసిటర్‌పై చారవున్న వైపు బ్యాటరీ ఋణ ధ్రువానికి, రెండోది ధన ధ్రువానికి కొన్ని సెకన్లు తాకించండి. తారుమారు చేస్తే కెపాసిటర్ పగలవచ్చు, జాగ్రత్త! తర్వాత బ్యాటరీ తీసేసి, నిరోధకం ద్వారా ఎల్.ఈ.డి. పొడవు కాలును కెపాసిటర్ ధన కొనకూ, పొట్టి కాలును ఋణ కొనకూ కలపండి. బ్యాటరీ లేకుండానే దీపం వెలిగి, మెల్లగా ఆరిపోతుంది.

ఇందులో ఉన్న శక్తి 0.04 జౌళ్లే. ఆంప్లిఫయర్‌లోని ఒక్క కెపాసిటర్‌లో దీనికి నూరు రెట్లకు పైగా ఉండవచ్చు. ఎన్ని రెట్లో మీరే లెక్కకట్టండి.