స్టేషన్ అద్దం పని వస్తే

జంగారెడ్డిగూడెంలో పూజగది తలుపు అద్దం మీద వెంకటేశ్వరస్వామిని ఎచింగ్ చేసే చెయ్యి, రైల్వేస్టేషన్ గోడకీ పనికొస్తుంది. మన ఊరికి రైలు లేదు, ఉన్నది బస్టాండే. కానీ రాజమండ్రి, ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లు, స్టేషన్లని బాగుచేసే అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. పైగా 2027లో గోదావరి పుష్కరాలు. తైవాన్‌లో కావోసియుంగ్ మెట్రోలో ఒక స్టేషన్ గుమ్మటమంతా రంగుటద్దమే: అడ్డంగా 30 మీటర్లు, సుమారు 4,500 పలకలు. అంత పని మనకెవరిస్తారులెండి. గోడకి నాలుగు పలకలొస్తే చాలు.

అయితే ఇంటి పని అలవాటుతో అక్కడికి వెళ్తే దెబ్బతింటారు. స్టేషన్లో జనం అద్దాన్ని ఆనుకుంటారు, పెట్టెలతో గుద్దుతారు. అందుకే టఫెన్ గ్లాసు అడుగుతారు. దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ తర్వాత కొయ్యబోయినా, బెజ్జం వెయ్యబోయినా మొత్తం పొడిపొడి అవుతుంది. కాబట్టి కోత, అంచుల పాలిష్, బెజ్జాలు, లోతు ఎచింగ్ అన్నీ కొలిమికి పంపకముందే పూర్తవ్వాలి. కొలత మాత్రం గోడ లేచాక మీరే స్వయంగా తీసుకోండి, ప్లాను కాగితం చూసి కొయ్యకండి. తల మీదుండే అద్దమైతే లామినేటెడ్ అడగండి. పగిలినా మధ్యలో పొర ముక్కల్ని పట్టుకుంటుంది. ఎండ తగిలే చోట రంగుల స్టిక్కరు వెలిసిపోతుంది, కొలిమిలో కాలిన సిరామిక్ రంగు నిలుస్తుంది.

బరువు కూడా లెక్కేసుకోండి. 12 ఎంఎం అద్దం చదరపు మీటరుకి 30 కిలోలు. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు పలక 78 కిలోల దాకా తూగుతుంది. ఇద్దరు కుర్రాళ్లతో ఎత్తించే పని కాదది.

ఎచింగ్ కోసం చేసే బ్లాస్టింగ్‌కి ఏటి ఇసుక వాడేవాళ్లు ఇకనైనా మానాలి. ఆ దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కి మందు లేదు. అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఖరీదెక్కువే, అయినా అదే వాడండి. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు.

టెండరు నేరుగా మనదాకా రాదు. పెద్ద కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టే దొరుకుతుంది. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ముందే చేయించుకోండి. చేసిన పనుల ఫోటోలు కొలతలతో సహా ఫోన్లో ఉంచుకోండి. అద్దం ఖరీదు అడ్వాన్సుగా తీసుకోండి. కూలి డబ్బులు ఎలాగూ ఆలస్యమవుతాయి. దారిలో పగిలితే ఎవరి లెక్క, బిగించాక పగిలితే ఎవరి లెక్క అన్నది వర్క్ ఆర్డరులో రాయించుకున్నాకే బండి ఎక్కించండి.