ఇంటి గ్యారేజీలో కారు పైకి లేవాలంటే...

పట్నంలో కార్ల సర్వీసింగ్ స్టేషను ముందు నుంచి వెళ్ళేటప్పుడు మీరు ఒక దృశ్యం చూసే ఉంటారు. కారు నేలను విడిచి నిలువెత్తు పైకి లేచి ఉంటుంది. దాని కింద మెకానిక్కు తాపీగా నిలబడి, తల పైకెత్తి బోల్టులు విప్పుతూ ఉంటాడు. వెల్లకిలా పడుకుని కారు కిందకు దూరవలసిన అవస్థ అతనికి లేదు. కారును అలా ఎత్తి పట్టే సాధనమే కార్ లిఫ్టు.

మన దగ్గర ఇది ఎక్కువగా వర్క్‌షాపుల్లోనే కనిపిస్తుంది. అమెరికాలో చాలా ఇళ్ళకు గ్యారేజి ఆనుకునే ఉంటుంది. రిపేరు కూలి ఎక్కువ. సొంత కారును సొంతంగా విప్పి బిగించుకోవడం అక్కడ కొందరికి సరదా కూడా. అందుకని లిఫ్టును ఇంట్లోనే పెట్టుకునేవాళ్ళున్నారు. టెక్సాస్‌లో ఉన్న మీ బాబాయిగారు ఫోను చేసి, "మా గ్యారేజీలో లిఫ్టు పడుతుందా? లెక్క చూసి చెప్పు" అని మిమ్మల్ని అడిగారనుకుందాం. గది ఎత్తు 2.75 మీటర్లు, అంటే 9 అడుగులు. కారు ఎత్తు 1.45 మీటర్లు, బరువు 1500 కి.గ్రా. ఏం చెబుతారు?

పైకప్పు లెక్క

"2.75లో 1.45 పోతే ఇంకా 1.30 మీటర్లు మిగులుతోంది. చాలదా?" అని బాబాయిగారు అంటారు. తీసివేత సరిగ్గానే చేశారు. కాని కారును ఎత్తేది కింద మనిషి నిలబడటానికి కదా! చక్రాలు 1.70 మీటర్ల ఎత్తుకు లేస్తేగాని సగటు మనిషి మెడ వంచకుండా దాని కింద పని చేయలేడు. అప్పుడు కారు నెత్తి ఎక్కడుంటుంది? 1.70కి 1.45 కలిపితే 3.15 మీటర్లు. పైన కాస్త ఖాళీ, 15 సెం.మీ. వేసుకుంటే 3.30 మీటర్లు. ఆయన గదికి 55 సెం.మీ. తక్కువైంది.

ఇంతటితో అయిపోలేదు. రెండు స్తంభాల లిఫ్టుల్లో స్తంభాలను పైన కలుపుతూ అడ్డదూలం ఉండే రకం తానే మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. కారు పట్టినా లిఫ్టు పట్టదన్నమాట.

తలుపు సంగతి ఇంకా తమాషా. అమెరికా గ్యారేజీ తలుపు మన తలుపులాగా పక్కకు తెరుచుకోదు. పలకలు పలకలుగా పైకి జారి, కప్పు కింద పట్టాల మీద పడుకుంటుంది. కారు పైకి లేచి ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తెరిచారా, తలుపు వచ్చి కారు నెత్తిని ఢీకొంటుంది! అందుచేత పట్టాలను గోడ వెంట ఇంకా పైకి తీసుకుపోయి కప్పుకు దగ్గరగా మళ్ళించాలి. గది మధ్యలో వేలాడే తలుపు మోటారును పక్కగోడకు మార్చాలి. దీపాల సంగతీ అంతే.

"అయితే కప్పులో అడ్డంగా ఉన్న ఆ కర్రలు కోసేస్తే?" అని బాబాయిగారు అడగవచ్చు. వద్దని గట్టిగా చెప్పండి. ఏటవాలు కప్పు తన బరువుతో గోడలను బయటికి నెడుతూ ఉంటుంది. ఏ పనీ లేనట్టు కనిపించే ఆ అడ్డకర్రే రెండు వైపులనూ లాగి పట్టుకుని ఉంటుంది. ఇంజనీరు చూడకుండా దాన్ని ముట్టుకోరాదు.

పైకి స్థలం లేకపోతే కిందికి తవ్వవచ్చుగా అనేది మరో ఆలోచన. మన ఆర్టీసీ డిపోల్లో బస్సుల కింద పొడవాటి గోతులు చూసే ఉంటారు. కాని ఇంటి గ్యారేజీలో గొయ్యి ప్రమాదకరం. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. అది గోతిలోకి దిగి, కంటికి కనిపించకుండా నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

కాబట్టి ఉన్న గదిలోనే సరిపెట్టుకోవాలంటే కారును మీటరు ఎత్తుకు మాత్రమే లేపే కత్తెర లిఫ్టు పెట్టుకుని, కింద ముక్కాలిపీట మీద కూర్చుని పని చేసుకోవాలి. నా మట్టుకు నేనైతే అదే చేస్తాను. బాబాయిగారు కొత్త ఇల్లు కట్టించుకుంటూ ఉంటే మాత్రం గ్యారేజి కప్పును 3.65 మీటర్ల ఎత్తులో, అంటే 12 అడుగుల్లో వేయించమనండి. గీతల్లో మార్చడం తేలిక, గోడలు లేచాక కష్టం.

నేలమీద ఏతం

కొత్త గ్యారేజీలో రెండు స్తంభాల లిఫ్టు పెడుతున్నారనుకుందాం. ఒక్కో స్తంభం మోసేది 750 కి.గ్రా. కాంక్రీటు నేలకు అదొక బరువా అనిపిస్తుంది. నిజమే, కాంక్రీటును ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. కష్టం నొక్కుడుతో కాదు.

స్తంభం కారు పక్కన నిలబడి, చేతులు చాచి కారును మోస్తుంది. బరువు స్తంభం మీద నేరుగా పడదు, దానికి దూరంగా పడుతుంది. అందువల్ల స్తంభం కారు వైపుకు ఒరిగిపోవాలని చూస్తుంది. బావిలో నీళ్ళు తోడే ఏతం గుర్తు తెచ్చుకోండి. స్తంభం అడుగున ఉన్న ఉక్కుపలక లోపలి అంచు ఇక్కడ ఆధారం. బరువు ఆ అంచుకు 60 సెం.మీ. దూరంలో ఉంది, పలకను నేలకు బిగించిన వెనుక బోల్టులు 40 సెం.మీ. దూరంలో ఉన్నాయి అనుకోండి. స్తంభం సొంత బరువును వదిలేస్తే:

750 × 60 = బోల్టుల లాగుడు × 40

లాగుడు 1125 కి.గ్రా. వచ్చింది. చూశారా? కారులో సగం బరువు 750 కి.గ్రా. అయితే, బోల్టులను నేలలోంచి పెరికివేయడానికి పనిచేసే బలం అంతకంటే ఎక్కువ! పైగా కాంక్రీటు నొక్కుడుకు ఎంత బలమైనదో లాగుడుకు అంత బలహీనం. నొక్కుడుకు ఓర్చేదానిలో దాదాపు పదో వంతు మాత్రమే లాగుడుకు ఓర్చుకుంటుంది. మామూలు గ్యారేజీ నేల మందం 4 అంగుళాలు. చాలా లిఫ్టులకు అదే కనీస మందం, కొన్నిటికి 6 అంగుళాలు కావాలి. కొత్తగా పోసిన కాంక్రీటును 28 రోజులు గట్టిపడనివ్వాలి. పగులు దగ్గర, అంచు దగ్గర స్తంభం నిలపరాదు.

టెక్సాస్ కనుక ఇంకొక్క మాట. అక్కడ కొన్ని ఇళ్ళ నేలల్లో ఉక్కు తీగలను బిగుతుగా లాగి కాంక్రీటులో ఉంచేస్తారు. తెలియక డ్రిల్లు పెట్టి ఆ తీగను తెంపితే అది వింటినారిలా విడిపోతుంది. నేల ఏ రకమో ముందు కనుక్కోవాలి.

ఎత్తేది నూనె, నిలిపేది ఇనుము

కారును ఎత్తడం పాస్కల్ నియమం ప్రకారం జరుగుతుంది. మూసివున్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా వ్యాపిస్తుందని మీరు చదువుకున్నారు. ఈ సూత్రంతో బ్రామా అనే ఇంగ్లీషు ఇంజనీరు 1795లో నీటి ప్రెస్సుకు పేటెంటు పొందాడు. అమెరికాలో మెంఫిస్ నగరానికి చెందిన పీటర్ లునాటి 1925లో దీన్ని కార్లకు ఉపయోగించాడు. అతనికి ఆ ఊహ మంగలిషాపు కుర్చీని చూస్తే కలిగిందట!

పంపు నూనెను చదరపు సెం.మీ.కు 150 కి.గ్రా. పీడనంతో తోస్తే, 10 చదరపు సెం.మీ. వైశాల్యంగల ముషలకం మీద 1500 కి.గ్రా. బలం పనిచేస్తుంది. మరి మోటారు ఎంత పెద్దదై ఉండాలి? కారును 1.70 మీటర్లు ఎత్తడానికి చేయవలసిన పని 1500 × 9.8 × 1.7, అంటే సుమారు 25,000 జౌళ్ళు. 45 సెకన్లలో ఎత్తితే సామర్థ్యం 555 వాట్లు. మీ అమ్మగారు పచ్చడి రుబ్బే మిక్సీ మోటారు ఇంచుమించు అంతే! రాపిడి నష్టాలు, లిఫ్టు చేతుల బరువు కలుపుకుని దీనికి రెండు మూడు రెట్ల మోటారు పెడతారు.

కాని నూనెను నమ్మి ఎవరూ కారు కింద నిలబడకూడదు. గొట్టం పగలవచ్చు, సీలు అరిగిపోవచ్చు. అందుకే లిఫ్టు లేచేటప్పుడు 'టక్, టక్' మని శబ్దం వస్తూ ఉంటుంది. స్తంభంలోని మెట్లలో ఇనుప నాలుక ఒక్కొక్కటే పడుతున్న చప్పుడది. కావలసిన ఎత్తు వచ్చాక కారును కొద్దిగా కిందికి దించి ఆ నాలుకల మీద కూర్చోబెడతారు. అప్పుడు బరువును మోసేది ఇనుము, నూనెకు విశ్రాంతి. రోడ్డు పక్కన చక్రం మార్చే జాకీకి ఈ నాలుకలు ఉండవు. ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందకు దూరి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు.

లిఫ్టు చేతులు కారు గరిమనాభికి అటూ ఇటూ ఉండాలి. మన కారు ముందుచక్రాలు 60 శాతం బరువు మోస్తున్నాయనీ, చక్రాల మధ్య దూరం 2.60 మీటర్లనీ అనుకుంటే గరిమనాభి ముందుచక్రాలకు 1.04 మీటర్ల వెనుక ఉంటుంది. కారు పైన ఉండగా ముందుచక్రాల దగ్గరున్న 250 కి.గ్రా. ఇంజను, గేరుపెట్టెలను దింపారనుకోండి. గరిమనాభి 1.25 మీటర్లకు జరుగుతుంది. తల తేలికై, కారు తోక కిందికి వాలిపోగలదు! ఇంజను దింపేముందు మెకానిక్కు తోక కింద ఎత్తైన స్టాండు పెట్టడం ఇందుకే.

ఇప్పుడు మీకొక లెక్క. బాబాయిగారు 3.65 మీటర్ల గ్యారేజీలో నాలుగు స్తంభాల లిఫ్టు పెట్టి, రెండు బళ్ళను ఒకదానిమీద ఒకటి ఉంచాలనుకున్నారు. ఒకటి 1.45 మీటర్ల కారు, రెండోది 1.80 మీటర్ల ఎత్తున్న బరువైన జీపు. లిఫ్టు పలక మందం 15 సెం.మీ. కింది బండికీ పలకకూ మధ్య 10 సెం.మీ., పై బండికీ కప్పుకూ మధ్య 10 సెం.మీ. ఖాళీ కావాలి. పడతాయా? పడితే ఏది కింద ఉండాలి? ఏది కింద పెట్టినా మొత్తం ఎత్తు ఒకటే కదా అని తొందరపడి జవాబు రాయకండి. గరిమనాభి సంగతి కూడా చూడండి.