సర్కారు పడిపోయినా బడ్జెట్ నిలిచింది
పోటీ పరీక్షల ప్రత్యేకం: ఇండియన్ పాలిటీ

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడింది. విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. స్పీకర్ స్థానంలో ఉన్నది కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి. ఆ ఏటి బడ్జెట్‌కు అప్పటికింకా పూర్తి ఆమోదం రాలేదు. నిన్నటిదాకా కత్తులు దూసుకున్న పక్షాలే చర్చ లేకుండా ఆర్థిక బిల్లును గట్టెక్కించాయి. ఏప్రిల్ 26న సభ రద్దయింది. మన పార్లమెంటు చరిత్రలో పక్షాల ఈ సహకారానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

అంత తొందర ఎందుకు? 265వ అధికరణ ప్రకారం చట్టం లేనిదే పన్ను లేదు. 114(3) ప్రకారం ద్రవ్య వినిమయ చట్టం లేనిదే సంఘటిత నిధి నుంచి రూపాయి తీయకూడదు. జవాను జీతానికైనా, ఎరువుల సబ్సిడీకైనా ఇదే నియమం. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలు, కేంద్రం అప్పులపై వడ్డీ వంటి 'ఛార్జ్‌డ్' వ్యయంపై ఓటింగ్ ఉండదు, కానీ వాటికీ ద్రవ్య వినిమయ చట్టం తప్పదు. తాత్కాలిక వెసులుబాటు 116వ అధికరణలోని ఓట్ ఆన్ అకౌంట్.

పద్దులపై ఓటింగ్ వేళ ప్రతిపక్షం చేతిలోని ఆయుధం కోత తీర్మానం. విధాన కోత పద్దును 1 రూపాయికి కుదిస్తుంది, టోకెన్ కోత 100 రూపాయలు తగ్గిస్తుంది, పొదుపు కోత నిర్దిష్ట మొత్తాన్ని తగ్గిస్తుంది. ఇందులో ఏది నెగ్గినా ప్రభుత్వం విశ్వాసం కోల్పోయినట్టే. 2010 ఏప్రిల్‌లో ఇంధన ధరలపై వచ్చిన కోత తీర్మానాన్ని యూపీఏ 289–201తో తిప్పికొట్టింది.