పోసేయడానికి అవేమన్నా బియ్యమా?

మునిర్కా, న్యూఢిల్లీ

చిరంజీవి వాసుని మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లోనూ కాగితం మీద రాసే మేనల్లుడు ఉన్నాడని కింది ఫ్లాటు పంజాబీ ఆవిడకి చూపించి మురిసిపోయాను. ఆ మురిపెం రెండో పేజీ దాకానే. "దసరా సెలవుల్లో కాలేజీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాని కొత్త సర్వర్‌కి మార్చేస్తున్నాం అత్తా. ఒక్క పూట పని. డేటాబేసు డంపు తీసి అందులో పోసేయడమే. తెలుగు పుస్తకాల జాబితా మాత్రం ఎక్సెల్‌లో ఓసారి సాపు చేసి ఎక్కిస్తాను" అన్నావు. రాత్రంతా నిద్ర లేదు. సప్తపర్ణి పూత ఘాటుకి తలనొప్పి అని మీ మావయ్యకి చెప్పాను. అసలు కారణం ఆ "పోసేయడమే".

పోసేయడానికి అవేమన్నా బియ్యమా నాయనా?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లైబ్రరీల్లో యునెస్కో ఇచ్చిన సీడీఎస్-ఐసిస్ ఉండేది. నల్ల తెర, పచ్చ అక్షరాలు. తెలుగు కనబడాలంటే కంప్యూటర్ లోపల జిస్ట్ కార్డు ఒకటి గుచ్చాలి. అప్పటి ఇస్కీ పద్ధతిలో, 1991లో ప్రమాణం చేశారే అదే, మన 'క'కీ హిందీ 'క'కీ బెంగాలీ 'క'కీ ఒకటే అంకె. ఏ లిపో చెప్పడం మరిచామా, మన కవులందరూ దేవనాగరిలో ప్రత్యక్షం. పడీపడీ నవ్వుకునేవాళ్లం. అక్షరం ఎక్కడికీ పోలేదు, వేషం మార్చుకుందంతే, అందుకే నవ్వగలిగాం.

నవ్వలేనిది తర్వాత వచ్చింది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా మా ఆఫీసు కంప్యూటర్ల దాకా రావడానికి పదేళ్లు పట్టింది. వచ్చిందన్న సంబరంతో జాబితా అంతా మళ్లీ టైపు చేయించి, కొత్త యంత్రంలోకి మార్చడానికి ఎక్సెల్‌లో తెరిచి, మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశాను. ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండా ఓకే నొక్కాను. డిస్కులో చోటు లేదని పాత ఫైలు చెరిపేశాను కూడా. మర్నాడు తెరిస్తే నాలుగు వందల పైచిలుకు పుస్తకాల పేర్ల చోట బారులు తీరిన ప్రశ్నార్థకాలు. రచయిత, ప్రశ్నార్థకాలు. ప్రచురణకర్త, ప్రశ్నార్థకాలు. వెల మాత్రం భద్రంగా ఉంది, పన్నెండు రూపాయలు.

అప్పుడు మేం మునిర్కా గ్రామంలో ఒంటి గదిలో ఉండేవాళ్లం. బాల్కనీలోంచి చెయ్యి చాస్తే ఎదురింటి బాల్కనీ తగిలేది. నిన్ను రెండేళ్లవాణ్ణి మీ అమ్మ దగ్గర వదిలి మీ నాన్న ఇంటర్వ్యూకని ఢిల్లీ వచ్చాడు. నా మొహం చూసి సంగతి అడిగాడు. లైబ్రరీ నుంచి యాక్సెషన్ రిజిస్టర్లు అడిగి తెచ్చుకుని, మూడు రాత్రులు వాడు చదువుతుంటే నేను చేత్తో కాగితాల మీద రాసుకున్నాను. అరసున్న వచ్చినచోటల్లా "అక్కా, ఇక్కడో చందమామ ముక్క" అనేవాడు. బండి 'ఱ' వస్తే మన తాతయ్య గొంతుతో పలికేవాడు. నాలుగోరోజు పొద్దున బొంగురుపోయిన గొంతుతోనే ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఇరవై ఏళ్లు దాటింది, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు నా దగ్గర.

సరే, విను. యూనికోడ్‌ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన 'క' ఒక్కటే మూడు బైట్లు. దాన్ని ఇంగ్లిష్ లెక్కలో చదివే యంత్రానికి అది మూడు వేరువేరు గుర్తుల్లా కనబడుతుంది. తల మీద వాలుగీత పెట్టుకున్న ఇంగ్లిష్ 'ఎ', జ్వరం డిగ్రీల సున్నా, ఒక నల్లచుక్క. తెరంతా అలాంటి పిచ్చిగీతలు కనబడితే కంగారుపడకు. బైట్లు బతికే ఉన్నాయి, చదివే కళ్లజోడు తప్పు. పైన ఇంకేమీ సేవ్ చేయకుండా వదిలేస్తే సరిచేసుకోవచ్చు. ప్రశ్నార్థకాలు కనబడితేనే ఏడవాలి. అక్కడ అక్షరాన్ని తీసేసి దాని కుర్చీలో కొత్తవాణ్ణి కూర్చోబెట్టారన్నమాట. వెనక్కి తెచ్చే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

అందుకని డంపు తీసేటప్పుడూ, ఎక్కించేటప్పుడూ, రెండు చోట్లా యూటీఎఫ్8ఎంబీ4 అని నోరు తెరిచి చెప్పు. సర్వర్ ఊహకి వదలకు. పుస్తకాల రికార్డుల్ని మార్క్ ఫైలుగా తీస్తే, ప్రతి రికార్డు మొదట ఉండే లీడర్‌లో తొమ్మిదో స్థానం చూడు. సున్నా నుంచి లెక్కపెట్టాలి, అందరూ ఇక్కడే పొరబడతారు. అక్కడ చిన్న 'ఎ' ఉంటేనే యూనికోడ్ అని అర్థం. ఖాళీగా ఉంటే ఎక్కించుకునే యంత్రం దాన్ని పాత మార్క్-8 అనుకుంటుంది. ఇక ఆ ఎక్సెల్ ఆలోచన మానుకో. మానుకోనంటే బార్‌కోడ్ల ముందున్న సున్నాలు కూడా మింగేస్తుందని తెలుసుకో. ఇదంతా చెబుతుంటే మీ మావయ్య "వాడికి తెలీదా ఏమిటి" అంటున్నారు. తెలుసు. ఓకే నొక్కే నిమిషంలో గుర్తుండదు.

కోహా పుట్టిందే ఇలాంటి భయంలోంచి, తెలుసా? న్యూజిలాండ్‌లో హొరోఫెనువా అనే జిల్లా లైబ్రరీ వాళ్లు, తమ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటదని తెలిసి 1999లో దీన్ని రాయించుకుని, అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. మన చదివింపుల్లాగే, పుచ్చుకున్నవాళ్లు ఏదో రోజు తిరిగి పెట్టాల్సిన కానుక.

గ్రామంలోంచి ఈ డీడీఏ ఫ్లాటుకి మారినప్పుడు సామానంతా రెండు రిక్షాల్లో వచ్చేసింది. అటక మీది ఆవకాయ జాడీ అక్కడే ఉండిపోయింది. డేటాబేసు డంపులో కూడా అటక మీది సామాను రాదురా. రాత్రిపూట తమంతట తాము నడిచే క్రాన్ పనులు, కోహా కాన్ఫిగరేషన్ ఫైలు, గ్రంథాలయం తలుపు దగ్గర ప్రింటర్ పాత సర్వర్ చిరునామాని బట్టీపట్టి ఉండటం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకో. ఆ క్రాన్లని పాతచోట ఆపకపోయావో, గడువు దాటిన పిల్లలకి రెండు సర్వర్ల నుంచీ రెండేసి నోటీసులు వెళ్తాయి. కొత్తచోట ఒక్క పుస్తకమూ వెతుకులాటలో దొరక్కపోతే గుండె పట్టుకోకు, జీబ్రా ఇండెక్స్ తిరిగి కట్టలేదంతే. రెండు చోట్లా కోహా వెర్షన్ ఒకటే ఉండాలి, కొత్త వెర్షన్ సంబరం తర్వాత చేసుకోవచ్చు. గడియారం భారత కాలానికి పెట్టు, లేకపోతే అయిదున్నర గంటలు వెనకబడుతుంది. మార్చే రోజు ఇచ్చి పుచ్చుకోవడాలు ఆపెయ్, తప్పదంటే నోటుపుస్తకంలో రాయించు. పాత సర్వర్‌ని మాత్రం ఎవరడిగినా ఇవ్వకు. సంక్రాంతి దాకా మూల పడేసి ఉంచు, కరెంటు బిల్లు గురించి ప్రిన్సిపాలు గొణిగితే గొణగనీ.

మార్చే రోజుకి ముందే ఓసారి వేరే యంత్రంలో ఎక్కించి చూసుకో. వంద పుస్తకాలు ఏరుకో. అరసున్నలు, బండి ఱలు, ఋకారాలు ఉన్న పాత ముద్రణలు ఎక్కువ ఉండాలి. మీ నాన్నని లైబ్రరీకి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకో. రిజిస్టర్ చూసి వాడు పేరు చదువుతాడు, నువ్వు తెర మీద వెతుకు. రిటైరయ్యాక ఊరికే టీవీ ముందు కూర్చుంటున్నాడని మీ అమ్మ ఫోన్లో వాపోతోంది. అడిగితే వస్తాడు, నేను చెప్పానని చెప్పకు. ఫ్లాస్కులో మిరియాల పాలు పట్టుకెళ్లు. వందా ఒక్క రోజులో చదివించెయ్యకు, వాడికి గొంతు తొందరగా పోతుంది.

ఆశీస్సులతో,
మీ మేనత్త