సముద్రపు తాబేలు: మరణకారణము, రక్షణోపాయము

నీటిలో వసించు జీవులన్నియు నీటిలోనే ఊపిరి తీసికొనునని పలువురు తలంతురు. సముద్రపు తాబేలు విషయమున ఇది సరికాదు. అది మనుష్యునివలె ఊపిరితిత్తులతో గాలి పీల్చును. అందుకై నీటిపైకి వచ్చి తీరవలెను. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొనినచో తక్కినదంతయు సులభముగ బోధపడును.

ఒడిశా తీరమున గహిర్‌మఠ, దేవీ నదీముఖము, ఋషికుల్యా నదీముఖము అను మూడు చోట్ల ఆలివ్ రిడ్లే అను జాతి తాబేళ్లు వేలకొలదిగ, ఒక్కొక్క యేడు లక్షలకొలదిగ, గట్టెక్కి గ్రుడ్లు పెట్టును. గహిర్‌మఠ సంగతి 1974లోను, ఋషికుల్య సంగతి 1994లోను శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినవి. ఋషికుల్య గంజాం జిల్లాలోనిది. ఆ తీరమున తెలుగు మాటాడు జాలరి కుటుంబములు పెక్కు కలవు. ఆడతాబేలు రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రమునకు మరలిపోవును. ఏబది దినములకు అటునిటుగ పిల్లలు వెలువడును.

ఒకప్పుడు ఈ తాబేళ్లను మాంసమునకై పట్టి కలకత్తాకు తరలించెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ వ్యాపారమును నిషేధించినది. వ్యాపారము అణగినను తీరమునకు కొట్టుకొనివచ్చు కళేబరములు ఆగలేదు. పెక్కింటిపై గాయములు లేవు. మరి చావునకు కారణమేమి? రొయ్యలకై మరపడవలు ఈడ్చు ట్రాల్ వలలే ముఖ్య కారణమని తేలినది. వల గంటలకొలది నీటి అడుగుననే యుండును. అందు చిక్కిన తాబేలు పెనగులాడును. పెనగులాడినకొలది లోని ప్రాణవాయువు త్వరగ హరించును. తుదకు నీట మునిగి చచ్చును. చంపవలెనను తలంపు ఎవరికిని లేదు. అజాగ్రత్తయే ఇచ్చట హింస.

కారణము తెలిసినందున ఉపాయము దొరకినది. వల గొంతులో ఏటవాలుగ ఇనుపకమ్మీల చట్రము బిగింతురు. రొయ్యలు కమ్మీల సందున లోనికి పోవును. తాబేలు చట్రమునకు తగిలి, ప్రక్కనున్న ద్వారము గుండ వెలికి పోవును. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన జాలరులకు తగినట్టు దీనిని రూపొందించినది. కొంత చేప జారిపోవునని పడవవారు సంకోచింతురు. కాని నష్టము వేరొక దారిని వచ్చినది: తాబేళ్ల రక్షణ చాలదను కారణమున 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసినది. చెరువు రొయ్యలకు ఈ నిషేధము వర్తింపలేదు.

జాలరులు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. వలలో కదలక పడియున్న తాబేలు చచ్చినదని వెంటనే నీట త్రోయరాదు. అది మూర్ఛలో నుండవచ్చును. బోర్లగనే యుంచి, వెనుకభాగమును జానెడు ఎత్తునకు లేపి, నీడలో తడిగుడ్డ కప్పి యుంచినచో ఊపిరితిత్తుల నీరు కారిపోయి కొన్ని గంటలలో తేరుకొనవచ్చును. ఒక్కొక్కప్పుడు పూర్తిగ ఒక దినము పట్టును.

తాబేలు ఏ తీరమునకు చెందినది? వర్తకుడు మూటపై గుర్తు వేసినట్టు, పరిశోధకులు తాబేలు ముందరి రెక్కకాలికి అంకె గల లోహపుబిళ్ల తగిలింతురు. 2021లో ఒడిశాలో 03233 అను అంకె వేయబడిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రమున రత్నగిరి జిల్లా గుహాగర్ తీరమున గ్రుడ్లు పెట్టుచు కనబడినది. తూర్పుతీరమున ప్రాణము దక్కినందుననే అది పడమటి తీరమున తల్లి యైనది.

నవంబరు 1 మొదలు మే 31 వరకు ఒడిశా ప్రభుత్వము ఆ నదీముఖముల చెంత సముద్రమున చేపలవేటను నిషేధించుచున్నది. గట్టుపై గ్రుడ్లను కాచుట మంచిదే. కాని ఆ తల్లి ఊపిరికై పైకి రాగల దారిని సముద్రమున మూయకుండుట అంతకంటె ముఖ్యము.