లెక్క పుట్టింది - రాత పుట్టింది

మనిషి ఎప్పుడూ ఇప్పటిలాగే బతకలేదు. ఒకప్పుడు ఊరు లేదు. పొలం లేదు. గాదె లేదు.

మనలాంటి మనుషులు పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లయింది. సేద్యం మొదలై సుమారు 12 వేల ఏళ్లే అయింది. ఆ కాలమంతా నూరు రూపాయలు అనుకోండి. అందులో 96 రూపాయలు అడవి బతుకే. సేద్యం చివరి 4 రూపాయలే!

అడవి బతుకు

అప్పుడు మనుషులు చిన్న చిన్న గుంపులుగా తిరిగేవాళ్లు. వేటాడేవాళ్లు. దుంపలు తవ్వేవాళ్లు. కాయలు, పళ్లు ఏరేవాళ్లు. రాళ్లు చెక్కి పనిముట్లు చేసుకునేవాళ్లు. ఒకచోట తిండి తగ్గితే ఇంకోచోటికి పోయేవాళ్లు. దాచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

పశువులు, పంటలు

తర్వాత మనుషులు పశువులను మచ్చిక చేసుకున్నారు. గింజలు నాటి పండించారు. తెలుగునేల మీద దీనికి గుర్తులున్నాయి.

పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ ఉంది. అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఉంది. అంత బూడిద ఎక్కడిది? ఒకప్పుడు అక్కడ పశువుల దొడ్లు ఉండేవి. పేడకుప్పలు కాలి బూడిదయ్యాయి. ఉట్నూరు దిబ్బను 1957లో తవ్వారు. కంచె గుంజలు పాతిన గుంతలు కనిపించాయి. పశువుల గిట్టల గుర్తులూ కనిపించాయి. అవి 4 వేల ఏళ్లు దాటినవి.

దక్షిణ దేశంలో ఆనాటి ఊళ్లు తవ్వితే మాడిన గింజలు దొరికాయి. ఏం గింజలు? ఉలవలు, పెసలు, అండుకొర్రలు! నూరుకునే రాళ్లూ దొరికాయి.

మిగులు, లెక్క

పంట పండింది. గింజలు మిగిలాయి. మిగిలితే దాచాలి. దాస్తే లెక్క కావాలి. ఎవరు ఎంత ఇచ్చారు? ఎవరికి ఎంత రావాలి? ఊళ్లు పెరిగి పట్నాలయ్యాయి. నోటి లెక్క చాలలేదు.

ఇప్పటి ఇరాక్ దేశంలో 5 వేల ఏళ్ల కిందటే మట్టి పలకల మీద రాశారు. ఆ తొలి రాతల్లో ఎక్కువ భాగం కథలు కావు, పాటలు కావు. గింజల లెక్కలు, పశువుల లెక్కలు, పనివాళ్ల బత్తెం లెక్కలు. పనిచేసేవాళ్లు చాలామంది. రాసేవాళ్లు కొద్దిమంది. రాసినవాడి మాటే చెల్లింది.

రాత మన దేశంలోనూ వచ్చింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి రాతలున్నాయి. అవి 2,200 ఏళ్లు దాటినవి, ప్రాకృత భాషలో ఉన్నాయి. కడప జిల్లా కలమళ్ల శాసనం తెలుగులో ఉంది. అది 6వ శతాబ్దం నాటిది.

వేలిముద్ర

కాని అక్షరం అందరికీ అందలేదు. షావుకారు రాసిందే అప్పు. మేస్త్రీ రాసిందే కూలి. కాగితంలో ఏముందో తెలియకుండానే ఎందరో ఆడవాళ్లు వేలిముద్ర వేశారు.

1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 33 మంది ఆడవాళ్లకే చదువు వచ్చు. 2011 నాటికి 59 మందికి వచ్చింది. అప్పటికీ 41 మంది మిగిలారు.

సేద్యం నేర్చింది మనుషులే. రాత కనిపెట్టిందీ మనుషులే. దాన్ని కొందరికే ఉంచిందీ మనుషులే. ఇది దేవుడు రాసిన రాత కాదు. మనుషులు చేసింది మనుషులే మార్చగలరు. అంకె చదివి, మొత్తం సరిచూసి, ఆ తర్వాతే సంతకం పెట్టే ప్రతి ఆడమనిషీ దాన్ని మారుస్తోంది.

ఆలోచించండి - చెప్పండి

1. బూడిద దిబ్బలు ఎలా ఏర్పడ్డాయి?
2. రాత ఎందుకు అవసరమైంది?
3. మీ ఇంట్లో ఉన్న కాగితాలేవి? వాటిలో ఏం రాసి ఉందో చదివారా?