మిక్సర్ కొనబోతున్న మనవరాలికి

నందిగాం



మీ నానమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, అయినా పొద్దున్నే జీడితోట దాకా నడిచి రాకపోతే ఆవిడకి తోచదు. నువ్వు పంపిన మిక్సర్ల ఫొటోలు మీ తమ్ముడి ఫోన్లో పెద్దవి చేసుకుని మరీ చూశాను. పెళ్లిళ్లకీ అమ్మవారి సంబరాలకీ మైకుసెట్టు కట్టి బతికినవాడు, అహూజా యాంప్లిఫయర్‌కున్న నాలుగు మీటలు తప్ప వీడికేం తెలుసులే అనుకోకుండా, ‘ఏది కొనమంటావు తాతా’ అని నన్నే అడిగావు చూడూ, ఆ సంతోషానికి నిద్ర పట్టలేదు, అదుగో అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అంటూనే ఇంకో పని చేసుకుంటావని మీ నానమ్మ అననే అంది.

ముందు పెట్టె మీద అంకెలు చూసి మురిసిపోకు. పది చానెళ్లు అని పెద్దక్షరాలతో వేస్తారు, తీరా మైకులు పెట్టే చోట్లు లెక్కపెడితే నాలుగే ఉంటాయి, తక్కినవి కీబోర్డుకో ఫోనుకో పనికొచ్చేవి. నువ్వు పంపినవాటిలో యమహా ఎంజీ10ఎక్స్‌యూ సరిగ్గా అలాంటిదే. మంచి సరుకే, కాదనను, లోపల రివర్బులూ అవీ ఉన్నాయి, యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి తగిలించుకోవచ్చు. కానీ అందులోంచి కంప్యూటర్‌లోకి వెళ్లేది రెండే రెండు ట్రాకులు, ఎడమదొకటి, కుడిదొకటి. నలుగురి గొంతులు ఆ రెండింట్లో కలిసిపోయాయంటే చారులో పడ్డ ఉప్పే, ఎవరిదెక్కువైనా తర్వాత తీసెయ్యలేవు. పోనీ నువ్వొక్కదానివే కూర్చుని పాడుకునేదైతే మిక్సరే వద్దందును, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటి చిన్న డబ్బా చాలు, రెండు మైకులు పడతాయి, డబ్బూ మిగులుతుంది.

నీ పని అది కాదు కదా. జముకుల కథ వాళ్లనీ, ఊడుపు పాటలు పాడే ముసలమ్మల్నీ మనింటి వెనక గదిలో కూర్చోబెట్టి పాడిస్తానంటున్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సుబ్బారావు పాణిగ్రాహి గుర్తుకొస్తున్నాడు. బొడ్డపాడులో పూజారిగా ఉంటూ జముకుల కథ కట్టి ఈ ఉద్దానం ఊళ్లన్నీ తిరిగినవాడు, 1969లో పోయాడు. ఆయన గొంతు అలా ఉండేది ఇలా ఉండేది అని పెద్దవాళ్లు చెప్పగా విన్నానే గాని ఆ గొంతు నేను వినలేదు. అందుకని నీ గది గురించి నా ఆత్రం నాది.

జముకుల కథలో ఒకడు మాట వదిలిన చోట రెండోవాడు అందుకోవాలి, జముకు చంకలో ఇరికించుకుని నరం మీటేవాడు కథకుడి కళ్లలోకి చూస్తూ ఆ నరాన్ని బిగించాలి, సడలించాలి. వాళ్లని ఒక్కొక్కళ్లనే లోపలికి పిలిచి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, నీ వంతు నువ్వు పాడు అంటే కథ అక్కడే చచ్చిపోతుంది. అందరూ ఒకేసారి పాడాలి, అయినా ఏ మైకుది ఆ మైకు ట్రాకులో విడిగా పడాలి. అలాంటి మిక్సర్లలో నా ఓటు జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8కి. మైకులు ఆరు పడతాయి, కంప్యూటర్ లేకపోయినా ఎస్‌డీ కార్డులోకే విడివిడిగా రికార్డవుతుంది, అన్నిటికీ మించి నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. టాస్కామ్ మోడల్ 12 ఇంకాస్త పెద్దది, ఫేడర్లు చేతికి బాగుంటాయి గాని, దాన్ని ఆటోలో వేసుకుని మందస వైపు ఊళ్లకి తిప్పడం కష్టం. మోకాళ్లు పోయిన ముసలమ్మలందరూ నీ గదికి రాలేరమ్మా, నువ్వే వెళ్లాలి.

బ్యాటరీ అనగానే తిత్లీ తుపాను రోజులు గుర్తొచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ గాలి పోయాక కొబ్బరి చెట్లు కరెంటు తీగల మీదే పడి ఉన్నాయి, బోర్లు ఆడక మంచినీళ్లు లేవు, నేను కారు బ్యాటరీకి యాంప్లిఫయర్ తగిలించి ఆటోలో తిరుగుతూ నీళ్ల ట్యాంకర్ ఎక్కడికొచ్చిందో చెబుతున్నాను. పక్కన కూర్చున్నదానివి నా చేతిలో మైకు లాక్కుని, ‘నడవలేనివాళ్లు గుమ్మంలో బిందె పెట్టి ఉంచండి, మేం పట్టుకొస్తాం’ అనేశావు. అనడమే కాదు, గౌను తడిసి ముద్దయ్యేదాకా మోశావు కూడా. ఆ సంగతి నీకు జ్ఞాపకం ఉందో లేదో, నేను మాత్రం ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతుంటాను, మీ నానమ్మకి విసుగు.

సరే, పనిలోకి వస్తాను. మిక్సర్‌కి ముందు ఎర్తింగ్. ఇంట్లో మూడో పిన్ను పేరుకే ఉంటే హెడ్‌ఫోన్లో ‘హుం’ అని ఒక హోరు వినిపిస్తూనే ఉంటుంది, ఎంత ఖరీదు మిక్సరైనా దాన్ని పోగొట్టలేదు. గోతిలో ఉప్పూ బొగ్గూ వేసి రాడ్డు దింపుతాను, ఉప్పుకేం, నౌపడ పక్కనే ఉంది, ఎండాకాలం రెండు బిందెల నీళ్లు పొయ్యడం నీ వంతు. గోడలకి పాత బొంతలు వేలాడదీద్దాం, ఫ్యాను ఆపెయ్యాలి, హైవే మీద లారీల హారన్లు తగ్గేది రాత్రి ఎప్పుడో గాని కాదు. పని అయ్యాక మిక్సర్ మీద గుడ్డ కప్పు, ఈ సముద్రపు గాలికి ఫేడర్లు బేగి పాడవుతాయి.

గెయిన్ తక్కువలో పెట్టుకో. 24 బిట్లలో రికార్డు చేసేటప్పుడు మీటరు మైనస్ 12 దగ్గర ఆడితే చాలు, తర్వాత పెంచుకోవచ్చు. జముకు అంతసేపూ గుర్రుమంటూ ఉండి కథ పట్టుకొచ్చేసరికి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, అప్పుడు ఎర్రలైటు వెలిగిందంటే ఆ ముక్క పోయినట్టే, మళ్లీ చెప్పమంటే అలా రాదు. కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ మీట నొక్కే ముందు ఫేడర్లన్నీ కిందికి దించు, హెడ్‌ఫోన్ పెట్టుకున్న ముసలామె చెవిలో టప్పుమంటే ఆవిడ మళ్లీ నీ గుమ్మం తొక్కదు. మైకుస్టాండు ఆవిడ కూర్చున్న ఎత్తుకి నువ్వే దించు, ఆవిడని మెడ ఎత్తి పాడమనకు.

2020లో ‘పలాస 1978’ సినిమా వచ్చి, రఘు కుంచె సంగీతంలో మన యాస పాటలు రాష్ట్రమంతా మోగాక, ఫోన్లు పట్టుకుని వచ్చి పాడించుకుపోయే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, పాడినామె పేరు అడగడం మరిచిపోతారు, అంతే. నువ్వు మీట నొక్కగానే ముందు ఆవిడ చేతే పేరూ ఊరూ చెప్పించు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చిందో కూడా చెప్పించు. కూలి మానుకుని వస్తారు గనక ఆ రోజు కూలి లెక్కగట్టి ముందే చేతిలో పెట్టు, పాట అయ్యాక ఇస్తే పాటకి వెల కట్టినట్టుంటుందని నా చాదస్తం. విన్నాక ‘ఇంట్లోవాళ్లకి వినిపించనా’ అని అడిగితే ఆ పాట వాళ్ల ఫోన్లో వెయ్యి.

విశాఖలో దొరికితే అక్కడే కొను, పాడైతే బాగుచేసేవాడెవరో అడిగి మరీ కొను. లేదంటే బరంపురం వెళ్దాం, నాకు తెలిసిన కొట్లున్నాయి. డబ్బు చాలకపోతే మొహమాటపడకు, పాత కొమ్ము స్పీకర్లు రెండూ అటక మీద ఊరికే ఉన్నాయి, ఎవరో ఒకరికి ఇచ్చేస్తాను. ఏ బండికి వస్తున్నావో ముందు రోజే చెప్పు, పలాస స్టేషనుకి నేనే వస్తాను. మీ నానమ్మ పనసకాయ కూర చేస్తానంటోంది, అది తినకుండా రాత్రి బండికే వెళ్లిపోతానంటే మాత్రం ఊరుకోదు.

ఇట్లు
నీ తాత